థీసిస్‌తో పాటు వచ్చిన చీటీ

అరవైల చివర్లో, నేను పరిశోధన ముగిస్తున్న రోజుల్లో, తార్నాక నిండా టైపు దుకాణాలే. యూనివర్సిటీ హాస్టల్ నుంచి నడిచివస్తే చౌరస్తాలోనే మూడు కనబడేవి. నేను మాత్రం లాలాపేట్ దారిలో ఉన్న ఒంటిగది దుకాణంలో ఇచ్చాను నా థీసిస్. అక్కడ రద్దీ లేదు, అంతే కారణం.

నడిపేది నలభై ఏళ్ళ ఆవిడ. భర్త రైల్వేలో ఫిట్టరు. మెట్రిక్ చదివి, ఏదో ఆఫీసులో పదేళ్ళు టైపిస్టుగా చేసి, మానేసి, రెండు పాత మిషన్లు కొనుక్కుని ఈ గది తెరిచింది. విద్యార్థులు ఆవిడను టైపక్క అనేవారు.

నాది గోదావరి జిల్లా. థీసిస్ మాత్రం నల్లగొండ వైపు ఒక ఊళ్ళోని మంచినీటి వసతి మీద. రెండు వేసవులు ఆ ఊళ్ళో తిరిగాను. ప్రతి ఇంటికీ కూతవేటు దూరంలో మంచినీళ్ళ బావి ఉందని తేల్చాను. మా గైడ్ ఆ ముగింపు చదివి భుజం తట్టారు. సమర్పించడానికి ఇంకో నెల గడువుంది.

ఒక సాయంత్రం, టైపయిన అధ్యాయాలు తెచ్చుకుందామని వెళ్ళాను. కాగితాల పైన గుండుసూదితో గుచ్చిన చీటీ ఒకటి ఉంది. పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలు: "నలభై ఒకటో పేజీల నూట పన్నెండు ఇండ్లున్నయి. తొంభై మూడో పేజీల తొంభై ఆరే ఉన్నయి. పదహారు ఇండ్లు ఎటు పోయినయి?"

నాకు ఒళ్ళు మండింది.

"ఇదేంటండీ? మిమ్మల్ని టైపు చెయ్యమన్నాను గానీ పరీక్ష పెట్టమన్నానా?"

ఆవిడ మిషన్ ఆపింది. "కోపం చేయకుండ్రి సార్. అందరికీ ఇస్తున్న. ఇష్టముంటే చూస్తరు, లేకుంటే చింపేస్తరు."

"ఎందుకిదంతా?"

"తార్నాకల ఇన్ని దుకాణాలున్నయి. అందరి దగ్గర గవే మిషన్లు, గదే కాగితం. నా దగ్గరికే ఎందుకు రావాలె? రేటు తగ్గిద్దామనుకున్న. నేను తగ్గిస్తే పక్కనోడు ఇంకింత తగ్గిస్తడు. మస్తు దినాలు సోచాయించిన. రాసినోళ్ళు రాసి రాసి అలిసిపోతరు, మళ్ళ చదవరు. గైడ్లకు తీరిక దొరకదు. మొదటి నుంచి ఆఖరి దాంక ఒక్కొక్క అక్షరం చూసేది నేనొక్కదాన్నే. గా చూపునే అమ్ముకుంటే ఏమైతది అనిపించింది."

"మరి అందరూ ఒప్పుకుంటున్నారా?"

"ముగ్గురు కాగితాలు గుంజుకొని పోయిండ్రు. మా ఆయనైతే పిచ్చి లేసిందా అన్నడు." నవ్వింది. నేను నవ్వలేదు.

గదికి వచ్చి, టైపు తప్పయి ఉంటుందన్న ధీమాతో నోట్సు తీశాను. తప్పు టైపుది కాదు. నూట పన్నెండు ఊరి రికార్డులోని లెక్క. తొంభై ఆరు నేను స్వయంగా గడప తొక్కిన ఇళ్ళు. మిగతా పదహారింటి పేరు నా నోట్సులో ఎక్కడా లేదు. పక్క హాస్టల్లో ఎవరో గట్టిగా పాడుతున్నారు. నా చెవులకు ఏమీ ఎక్కడం లేదు. రెండు వేసవులు తిరిగాను కదా, ఎలా జరిగింది?

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఊళ్ళో అడిగితే, వాగవతల ఉన్నాయి చూడమన్నారు. ఆ రెండు వేసవుల్లో ఊరి పెద్దమనిషి నన్ను ఏ వీధులకు తీసుకెళితే ఆ వీధులకే వెళ్ళాను. వాగు దాటమని ఆయన అనలేదు, నాకూ తోచలేదు. మోకాలి లోతు బురద నీళ్ళలో దాటాను. గట్టెక్కగానే ఇళ్ళు. లెక్కపెట్టాను. పదహారు.

ఒక ముసలామె వాగు ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో నీళ్ళు తోడి కుండలో పోస్తోంది.

"బావి లేదా అమ్మా?"

"ఊరి బాయి కాడికి మమ్ముల రానియ్యరు బిడ్డా. ఎండకాలమైతే గీ చెలమ గూడ ఎండుతది." తలెత్తి చూసింది. "నువ్వు పోయినేడు ఊళ్ళె రాసుకుంట తిరిగిన పిలగానివే గదా? గా గట్టు మీద నిన్ను చూసిన."

ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూడలేదు. ప్రతి ఇంటికీ బావి ఉందని నేను రాసిన వాక్యం అప్పటికే నాలుగు కార్బన్ కాపీల్లో టైపయి ఉంది.

మూడు రోజులు అక్కడే ఉండి ప్రతి ఇంటికీ వెళ్ళాను. తిరిగొచ్చి గైడ్‌కు అంతా చెప్పాను. ఆయన ఆ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"టైపిస్టండీ."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను రెండుసార్లు చదివానయ్యా," అన్నారు. గడువు ఆయనే యూనివర్సిటీని అడిగి పొడిగింపించారు. చివరి రెండు అధ్యాయాలు మళ్ళీ రాశాను. ముగింపు తలకిందులైంది.

ఆ తర్వాత ఆయన తన విద్యార్థులందర్నీ టైపక్క దగ్గరికే పంపారు. మాట పాకింది. చీటీ లేకుండా కాగితాలు తిరిగొస్తే, ఆవిడ సరిగా చదవలేదేమోనని అనుమానపడేవాళ్ళు కూడా తయారయ్యారు. ఏడాది తిరక్కుండా పక్క గది తీసుకుని ఇద్దరు ఆడవాళ్ళను పనిలో పెట్టుకుంది. వాళ్ళకు టైపు కంటే ముందు చదవడం నేర్పింది.

ఇదంతా తర్వాతి సంగతి. నా థీసిస్ సమర్పించాల్సిన రోజున, బైండు చేసిన నాలుగు ప్రతులతో యూనివర్సిటీ ఆఫీసుకు వెళుతూ ఆవిడకు చూపిద్దామని ఆగాను. చేతులు తుడుచుకుని, ప్రతి తెరిచి నిలబడే చదివింది. ఉన్నట్టుండి ఆగిపోయింది.

"అయ్యో! గీడ ఒక అక్షరం నేనే తప్పు కొట్టిన సార్."

"ఫర్వాలేదండీ, ఎవరూ చూడరు."

ఆవిడ నావంక ఒక చూపు చూసింది. బ్లేడు తీసి, ఒక్కొక్క ప్రతిలో ఆ అక్షరాన్ని గీకి, కలంతో సరైనది దిద్దింది. నేను బెంచీ మీద కూర్చున్నాను. సిరా ఆరేసరికి ఆఫీసు మూసేశారు. థీసిస్ మర్నాడు ఇచ్చాను.