కుట్లు విప్పే వేళ

మా వీధిలో దర్జీ పిన్ని గురించి ఒక మాట తిరుగుతోంది. ఆమెకు చదవడం రాదట. ఫోనులో తన కుట్టు వీడియోల కింద జనం తిట్టినా పొగిడారనుకుని తియ్యగా జవాబిస్తుందట. "పిచ్చి మాలోకం! గాడిద అన్నా దండం పెడుతుంది" అని ఇస్త్రీ బాబాయి నవ్వుతాడు.

పిన్ని దగ్గర నేను గుండీలు కుడతాను. ఆమెకు చదవడం రాదన్నది నిజమే. అందుకే కామెంట్లు నేను చదివి వినిపిస్తాను. నిన్న ఒక కామెంటు దగ్గర ఆగిపోయాను.

"మింగేశావేమే? అదీ చదువు."

"వద్దులే పిన్నీ."

"చదవవే."

"ఈ ముసలిదాని కాలరు కుక్క మెడకు కూడా పనికిరాదు. కత్తెర పారేసి ఇంట్లో కూర్చో" అని చదివాను. పిన్ని వీడియోలోని ఆ చొక్కా తెచ్చి చూసింది.

"ఒక పక్కకు పోయింది, నిజమే బాబూ. విప్పి మళ్లీ కుడుతున్నా. నీ చొక్కాకు ఏ ఇబ్బంది ఉన్నా అడుగు" అని రాయమంది.

సాయంత్రానికి అతను ఆ తిట్టు తీసేశాడు. చంక దగ్గర పట్టేస్తున్న తన చొక్కా ఫొటో పెట్టి, ఏం చేయాలని అడిగాడు. పిన్ని ఓపికగా చెప్పింది, నేను రాశాను.

బాబాయికి తెలియనిది ఒకటుంది. పిన్ని కుట్లు విప్పే పని ఉన్నప్పుడే కామెంట్లు చదవమంటుంది. గుడ్డ కోసే ముందు చదవనివ్వదు. అలాంటి మాట విన్నాక గంటసేపు ఆమె చెయ్యి వణుకుతుంది.