పుట్టుకల సీటులో కొత్త వెర్షన్

మా ఆఫీసులో రెండు సీట్లు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి పుట్టుకల సీటు, రెండోది చావుల సీటు. పుట్టుకలది వదిన, చావులది నేను. వదిన అంటే చుట్టరికమేమీ లేదు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఫ్యాను కింద ఎదురెదురుగా కూర్చున్నాక వేరే చుట్టరికం ఎందుకు? ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు నవ్వుతూ వచ్చేవాళ్ళు, నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముక్కు చీదుకుంటూ వచ్చేవాళ్ళు. నా నోరు కటువని అందరూ అంటారు. రోజంతా చావులు రాసేదానికి మాట తియ్యగా ఎలా వస్తుందో మీరే చెప్పండి.

వదిన సన్నటి మనిషి. సీట్లో కూర్చోగానే చెప్పులు బల్లకింద విడిచేసి, సాయంత్రం దాకా ఉత్తకాళ్ళతోనే పనిచేసేది. వాళ్ళాయన సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరికీ తండ్రి నోరే వచ్చింది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడే ఇల్లు అది, ఎవరూ ఎవరిదీ వినరు. "నేను ఆఫీసుకొచ్చేది కాసేపు మాట్లాడకుండా ఉండడానికే" అనేది వదిన. నిజంగానే మాట్లాడేది కాదు, ఆ వాటా కూడా నేనే మాట్లాడేదాన్ని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పుట్టుకల రిజిస్టరులో ఒక్క కొట్టివేత లేదు. అది ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. కొత్తగా చేరినవాళ్ళకు ఆ రిజిస్టర్లు తెరిచి చూపించేది నేనే.

అప్పట్లో నాకు తెలియని సంగతి ఒకటుంది. దాచిపెట్టి కథ నడపడం నాకు చేతకాదు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. అన్నం తినేటప్పుడు కాదు, బస్సు కమ్మీ పట్టుకున్నప్పుడు కాదు, పెన్ను పట్టుకుంటేనే. వాళ్ళాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రాయలేని గుమాస్తాను పుట్టుకల సీట్లో ఉంచరు, గోడౌనులో పాత కట్టలకు దుమ్ము దులిపే పనికి పంపిస్తారు. అలా పంపినవాళ్ళను ఇద్దరిని మేం కళ్ళారా చూశాం.

అలాంటి సమయంలో ఆఫీసుకు ఒక కంప్యూటరు వచ్చింది. నల్లటి తెర, దానిమీద ఆకుపచ్చ అక్షరాలు, పక్కన గీపెట్టే ప్రింటరు. ఎవరికి కావాలని ఆఫీసరుగారు అడిగితే నేను, "ఆ పెట్టె నా బల్లమీదకు వస్తే నేను లీవు మీద వెళ్ళిపోతా" అన్నాను. ఎన్నడూ ఏదీ అడగని వదిన, "నాకివ్వండి సార్" అంది. నాకు ఆశ్చర్యమేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. మీటలు నొక్కడానికి ఆ చెయ్యి వణకదని నాకేం తెలుసు?

ఏడాది తిరిగేసరికి ఆవిడకూ ఆ పెట్టెకూ మంచి స్నేహం కుదిరింది. పొద్దున్నే ఆస్పత్రి నుంచి ముందురోజు పుట్టినవాళ్ళ చీటీలు వచ్చేవి. ఆవిడ టైపు చేసేది. సాయంత్రం ఆ రోజు పేజీ అచ్చయ్యేది. దానిమీద మూడు సంతకాలు పడాలి. మొదటిది ఆవిడది, అది కూడా అందరూ చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు పెట్టేది. ఎదురు సీటు సరిచూసినట్టు నా పొడి సంతకం రెండోది. మూడోది ఆఫీసరుగారిది. ఆయన చాటున మేం ఆయన్ని సంతకంగారు అనేవాళ్ళం, చదవగా ఎవరూ చూడలేదు కనుక. ఆపైన ఆ పేజీ రిజిస్టరులోకి కుట్టేస్తారు. ఇక దాన్ని చింపడానికి లేదు, మార్చి అచ్చు వేయడానికీ లేదు.

ఆ ఏడు ఫిబ్రవరి నెలాఖరులో పైఆఫీసు నుంచి ఆరు ఫ్లాపీలు, ఒక చిన్న పుస్తకం, ఒక సర్క్యులరు వచ్చాయి. మిషన్ని నడిపించే అసలు ప్రోగ్రాము పాతబడిందట, కొత్త వెర్షన్ ఎక్కించుకోవాలట. మెకానిక్కు "వీలు వెంబడి" వస్తాడని రాశారు. ఆ వీలు ఏ జన్మలో వస్తుందో మాకు తెలుసు. వదిన ఆ పుస్తకాన్ని ఇంటికి పట్టుకెళ్ళి, ముగ్గురు వాగుడుకాయల మధ్య కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. మార్చి ఒకటో తారీఖు మధ్యాహ్నం, పాత చీటీలన్నీ ఎక్కించేశాక, మొదటి ఫ్లాపీ లోపలికి తోసింది.

నేను ఎదురుగా కూర్చుని వేళాకోళం చేస్తూనే ఉన్నాను. "వదినా, అది మళ్ళీ లేవకపోతే చెప్పు, నా రిజిస్టరులో రాసుకుంటా." ఆవిడ నవ్వింది గానీ తెరమీంచి కళ్ళు తిప్పలేదు. తెర ఒకటీ ఒకటీ అడుగుతోంది, ఆవిడ జవాబు నొక్కుతోంది. నాలుగో ఫ్లాపీ దగ్గర ఒక ప్రశ్న వచ్చింది. మిషన్ పొద్దున్నే లేవగానే చదువుకునే చిన్న ఫైలు ఒకటి ఉంటుంది, ఆ రోజు ఎలా మసలుకోవాలో అందులో వరసగా రాసి ఉంటుంది. దాన్ని తీసి కొత్తది పెట్టనా అని అడిగింది. కొత్తది మంచిదే అయ్యుంటుందని ఆవిడ అవునని నొక్కింది. గంటన్నరలో పని పూర్తయింది. "ఇదివరకు లేవడానికి రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఒకటే" అంది నాతో. ఆవిడ గొప్పలు చెప్పుకోగా వినడం అదే మొదటిసారి.

పద్నాలుగో తారీఖు పొద్దున పదమూడున పుట్టిన ఐదుగురి చీటీలు వచ్చాయి. మొదటిది టైపు చేస్తే మిషన్ 'తేదీ చెల్లదు' అంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ అదే మాట. ఐదింటికీ అదే. వదిన లేచి రిజిస్టరు తీసి వెనక్కి తిరగేసింది. అంకెల గడిలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ చివర, వేలెడు వెడల్పు గడిలో, అదే తేదీని మిషన్ అక్షరాల్లో అచ్చు వేస్తుంది. మార్చి ఐదున పుట్టిన పిల్లాడికి అక్కడ మే మూడు అని ఉంది. ఎనిమిదిన పుట్టిన పిల్లకు ఆగస్టు మూడు. పన్నెండున పుట్టిన పిల్లకు డిసెంబరు మూడు. ఆ లెక్కన ఆ పిల్ల అప్పుడే కడుపులో పడుండాలి.

కొత్త వెర్షన్ ఎక్కినప్పటి నుంచి మిషన్ ముందున్న అంకెను నెల అనుకుంటోంది. పన్నెండు దాకా దానికి అనుమానం రాలేదు, పదమూడో నెల లేదు కాబట్టి ఆ రోజు మొండికేసింది. మూడో తారీఖున పుట్టిన నలుగురు మాత్రం అదృష్టవంతులు, ఎటునుంచి చదివినా మార్చి మూడే. మిగిలిన ముప్పై తొమ్మిది మందికీ పుట్టినరోజు తప్పు. ఆ పేజీలన్నిటి కిందా ఆవిడ సంతకం, నా పొడి సంతకం, సంతకంగారి సంతకం నిక్షేపంలా ఉన్నాయి. ఒక్కరం కూడా ఆ చివరి గడి చదవలేదు.

నా సంతకం చూసుకోగానే నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాళ్ళకే కోపం ఎక్కువ. తిన్నగా ఆఫీసరుగారి గదిలోకి వెళ్ళి, "ఆ దిక్కుమాలిన పెట్టె వద్దని నేను మొదటే చెప్పాను సార్" అన్నాను. ఆయన పేజీలు చూశారు, తన సంతకాలు చూసుకున్నారు, ముఖం పాలిపోయింది. తేరుకుని, "యంత్రదోషం అని రాసి పంపించేద్దాం. మిషన్ వెనక్కి పోతుంది. రేపటినుంచి మునుపటిలాగా చేత్తోనే రాసుకోండి" అన్నారు. ముగ్గురం బయటపడే దారి అది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట వదినకు చెబుతూ "పీడ విరగడైంది" అని కూడా అన్నాను. ఆ రోజు గుర్తొస్తే నా నోటిమీద నాకే అసహ్యం వేస్తుంది.

వదిన నావైపు చూసి, "మధ్యాహ్నం దాకా ఆగమని చెప్పు" అంది.

మళ్ళీ పుస్తకం తెరిచింది. పాత ఫైలును మిషన్ పారేయలేదట, పేరు చివర తోక మార్చి పక్కన పెట్టిందట. రెండిటినీ కాగితం మీద అచ్చు తీసి పక్కపక్కన పెట్టుకుంది. పాతదాంట్లో ఏడు వరసలు, కొత్తదాంట్లో ఆరు. వేలు పెట్టి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చింది. లేని వరస ఏ దేశపు పద్ధతిలో తేదీ రాయాలో చెప్పేది. ఒకే ఒక్క వరస. దాన్ని కొత్త ఫైల్లో టైపు చేసి, మిషన్ ఆపి మళ్ళీ వేసింది. పదమూడో తారీఖు చీటీ కొట్టింది. మిషన్ నోరెత్తకుండా తీసుకుంది.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆవిడ చెప్పులేసుకుని ఆఫీసరుగారి గదికి బయల్దేరింది, నేనూ వెనకాలే వెళ్ళాను.

"మిషన్ తప్పు లేదండి" అంది వదిన. "ఆ ఫైలు మార్చనా అని అది నన్ను అడిగింది. చూసుకోకుండా అవునన్నాను. తప్పు నాది."

"ఎవరడిగారమ్మా మిమ్మల్ని?" అన్నారాయన విసుగ్గా. "యంత్రం మీద రాస్తే పోయేదానికి ఎందుకు మీదేసుకుంటారు? ఇరవై ఆరేళ్ళలో ఒక్క కొట్టివేత లేని మనిషి మీరు."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుందండి. నోరు లేనిదాని మీద ఎలా తోసేస్తాం?"

నా నోరు ఊరుకోలేదు. "సరిచూడాల్సింది నేను సార్. నేనూ చూళ్ళేదు" అన్నాను. ఆయన మమ్మల్నిద్దర్నీ చూసి, కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. తన సంతకం మాట మాత్రం ఎత్తలేదు. "అయితే నిబంధన ప్రకారం చెయ్యండి" అన్నారు.

నిబంధన ఏమిటంటే, తప్పు చేసినవాళ్ళే ఎర్ర సిరాతో కొట్టి, సరైనది పక్కన రాసి, సంతకం పెట్టాలి. అదీ అధికారి ఎదుట. ముప్పై తొమ్మిది సార్లు.

వదిన ఆయన బల్లకు ఈ చివర కూర్చుంది. ఎర్ర పెన్ను తీసుకుంది. ఒకటిన పుట్టిన పిల్లకు పడ్డ జనవరి మూడు మీద గీత గీయబోతే పెన్ను పక్క గడిలోకి జారింది. ఎడమచేత్తో కుడి మణికట్టు అదిమిపట్టుకుని 'మార్చి' అని రాసింది. మా మనవరాలు కూడా అంతకంటే మంచిగా రాస్తుంది. ముత్యాల్లాంటి ఆ దస్తూరీని నేను ఎంతమందికి చూపించి మురిసిపోయానో. పొద్దున పీడ విరగడైందన్నది దేన్నో అప్పుడు తెలిసింది.

"ఎప్పటినుంచి?" అన్నారు ఆఫీసరుగారు.

"రెండేళ్ళు దాటిందండి."

"మరి మిషన్ పోతే రేపు ఏం చేసేవారు?"

"ఏమీ చేయలేకపోయేదాన్ని. అందుకే అది మంచిదని చెప్పుకోవాల్సొచ్చింది. దాన్ని మంచిదనాలంటే తప్పు నాదని చెప్పక తప్పదు కదండి" అని, రెండో గడి మీదకు పెన్ను తీసుకెళ్ళింది. నేను రాసిపెడతానని చెయ్యి చాపాను. తప్పు తనదైతే రాయడం కూడా తనదేనని నా చెయ్యి తోసేసింది.

ముప్పై తొమ్మిదీ అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. ఆయన లేవలేదు, ఫోను మోగితే తీయలేదు. ఒక్కో సవరణా అయ్యాక రిజిస్టరు తనవైపు తిప్పుకుని, ఆ చివరి గడి వేలుపెట్టి చదివి, పక్కన తన సంతకం పెట్టారు. ఆయన చదవగా చూడడం అదే మొదలు. అంతా అయ్యాక ఒక కాగితం తీసి ఏదో రాసి వదినకు ఇచ్చారు. కంప్యూటరు పుట్టుకల సీటులోనే ఉండాలి, దాన్ని చూసుకునే పూచీ ఆ సీటువారిదే, వెర్షన్ మార్చాల్సి వచ్చినా వారే మార్చాలి అని ఉంది. వదిన దాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి పట్టుకుని బయటికి వచ్చేసింది.

వరండాలో పట్టుకున్నాను. "పద్దెనిమిదేళ్ళు ఎదురుగా కూర్చున్నా. నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే నా రాతంతా నువ్వే రాసిపెట్టేదానివి" అంది వదిన. "నువ్వు రాసిపెడుతుంటే ఆ సీట్లో నేనెందుకు?"

నాకు ఏడుపొచ్చింది. రోజూ అందరి ఏడుపులూ చూసేదాన్ని, నాది ఎక్కడ దాచుకోవాలో తెలియక ఆవిడ భుజం మీద పెట్టేశాను.

సాయంత్రం ఆ రోజు పేజీ అచ్చయింది, పదమూడున పుట్టిన ఐదుగురు. ఎవరూ చేతులు కడుక్కోవడానికి లేవలేదు. వదిన వాళ్ళందరి ఎదుటే పెన్ను పట్టుకుని సంతకం మొదలుపెట్టింది. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది, మళ్ళీ కదిలింది. నేను పేజీ కోసం ఎదురుగా కూర్చున్నాను.

"నీకు ఆలస్యమవుతోందేమో" అంది తలెత్తకుండా.

"చావుల సీటుదాన్ని, నాకేం తొందర? నిదానంగా పెట్టు" అన్నాను.