అక్క పేరు చెక్కిన పళ్ళెం

దయ్యాలున్నాయనే వాళ్లతో కాలేజీ రోజుల నుంచీ పోట్లాడుతూనే ఉన్నాను. ఇప్పుడూ ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను, తప్పుంటే చూపించండి.

నయాపైసలు వచ్చిన నాలుగైదేళ్లకు, కోట అనే ఊరి దగ్గర పల్లెలో కాపురముంటున్న మా అక్కకు మూతి కుడివైపు జారింది. ఆ వైపు కన్ను మూతపడదు. అరికాళ్లు మొద్దుబారాయి, నుదుటి మీద చిన్న బుడిపెలు లేచాయి. అక్కడి డాక్టరు అరికాల్లో గుండుసూది గుచ్చి చూసి, కుష్ఠు అన్నాడు.

అక్క అత్తగారికి ఆ మాట చాలింది. అక్కను పశువుల కొట్టం పక్కకు మార్చింది. ఇంకెవరూ పొరపాటున తినకుండా, పేర్లు కొట్టేవాణ్ణి పిలిపించి అంచు సొట్టపోయిన ఒక సత్తు పళ్ళెం మీద అక్క పేరు చెక్కించింది. రెండేళ్ల కూతుర్ని తల్లి దగ్గరికి పోనివ్వలేదు. అక్కను కుష్ఠాశ్రమానికి పంపేస్తామనీ, బిడ్డను మరిచిపొమ్మనీ నా ముఖానే చెప్పింది.

అక్కను నేనే మద్రాసు తీసుకుపోయాను. మేము బండెక్కుతుండగానే అత్తగారు ఆ పళ్ళేన్ని ఇంటి వెనక ఉప్పుటేట్లోకి విసిరింది. అది మునగడం నా కళ్లతో చూశాను.

మద్రాసు డాక్టరు ఛాతీ ఎక్స్-రే తీయించాడు. వెన్నులోంచి నీరు తీశాడు. బుడిపె ముక్క కోసి పరీక్షకు పంపాడు. కుష్ఠు క్రిమి లేదు, క్షయా కాదు. సార్కాయిడోసిస్ అట, నరాలకు పాకిందట, ఎవరికీ అంటదట. ఆ కాగితం నా చేతికొచ్చింది గురువారం పొద్దున.

ఆదివారం ఆ కాగితంతో పోట్లాటకే ఆ పల్లెకు పోయాను. అత్తగారు మంచంలో ఉంది. మూతి కుడివైపు జారింది, కన్ను మూతపడదు. ఎప్పటినుంచని బావను అడిగాను. గురువారం పొద్దుటి నుంచట.

వంటింట్లో కడిగి బోర్లించిన గిన్నెల మధ్య ఆ పళ్ళెం ఉంది. అదే పేరు, అంచున అదే సొట్ట. బావనూ పనిమనిషినీ విడివిడిగా నిలదీశాను. ఎవరూ తేలేదన్నారు.

అందులోనే అన్నం వడ్డించి ఆమె ముందు పెట్టాను. పేరు చూసింది.

"నువ్వే తెచ్చినావా?"

"నేను తేలేదత్తా. నువ్వు పారేసినదే. తిను, అంటేది కాదంట."

తిన్నది. కుడివైపు నుంచి మెతుకులు జారుతుంటే నేను తుడవలేదు. ఆఖరి ముద్దదాకా చూస్తూ కూర్చున్నాను. బావ తలెత్తకుండా పాపను నా చేతికిచ్చాడు.

మాత్రలతో అక్క మూతి రెండు నెలల్లో సర్దుకుంది. అత్తగారిది చనిపోయేదాకా సర్దుకోలేదు. ఏటి అడుగునున్న పళ్ళెం ఎలా వచ్చిందో, ఆ గురువారం సంగతేమిటో ఈనాటికీ చెప్పలేను.

ఆమె మీద జాలి కలగలేదా అని అక్క ఒకసారి అడిగింది. దానికి మాత్రం నా దగ్గర జవాబుంది. లేదన్నాను.