రెండు గొళ్ళాల గూడు

అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నాయనమ్మ ఆ సామెత కంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. తోటికోడలు నవ్వకపోతే, ఎందుకు నవ్వలేదని కూడా ఏడవగలదు.

ఆ తోటికోడలే చిన్న నాయనమ్మ. ఇద్దరూ అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే ఇంటికి వచ్చారు. ఇద్దరివీ ఉద్యోగాలే. నాయనమ్మ పెద్దాసుపత్రిలో చీటీల కిటికీ వెనక కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ పేరు, వయసు, వీధి, బాధ అడిగి, కంప్యూటరులో ఎక్కించి, చీటీ చేతికిస్తుంది. అందుకే అందరూ ఆమెను చీటీలమ్మ అంటారు. చిన్న నాయనమ్మది నీళ్ళ ఆఫీసు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలి, ఎక్కడ పైపు పగిలింది, ఏ వీధిలో నీళ్ళు మురికిగా వస్తున్నాయి అన్నది ఆమె చూసుకుంటుంది.

చిన్న నాయనమ్మ జుట్టు ఇంకా నల్లగా ఉండటం నాయనమ్మకు ఒక బాధ. రంగు వేస్తుందని తెలిశాక అది సగానికి తగ్గింది. ఆమె ఆఫీసు కుర్చీకి చక్రాలున్నాయన్న బాధ మాత్రం తగ్గలేదు. నాయనమ్మ కుర్చీకి నాలుగు కాళ్ళు, అందులో ఒకటి పొట్టిది.

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ లేచింది. గోడ లేచినా చెయ్యి చాచే అలవాటు పోలేదు. చక్కెర కోసమని ఇటునుంచి అటు, గుడ్ల కోసమని అటునుంచి ఇటు వెళ్ళేవాళ్ళు. వెళ్ళినవాళ్ళు చక్కెర తెచ్చుకుని ఊరుకుంటారా? గిన్నెల మీద మూతలెత్తి చూసేవాళ్ళు. ఆ చూపులతో తగువులు, తగువులతో మాటలు బంద్. ఆఖరికి నాయనమ్మే మేస్త్రీని పిలిచి, రెండు వంటిళ్ళ మధ్య గోడలో చిన్న గూడు చేయించింది. అటొక తలుపు, ఇటొక తలుపు. ఎవరి వైపు గొళ్ళెం వాళ్ళది. ఇవ్వదలుచుకున్నది గూట్లో పెట్టి, గోడ తట్టి, తన తలుపు మూసుకోవాలి. అవతలివాళ్ళు తమ తలుపు తీసి, ఉన్నది తీసుకోవాలి. ఎందుకని అడగకూడదు. ఇంకేముందని తొంగి చూడకూడదు. ఆ గూడు వచ్చాక ఇంట్లో తగువులు పోయాయి. మిగిలింది అసూయ ఒక్కటే. దానికి గొళ్ళెం ఎక్కడ పెడతారు?

నాయనమ్మకు ఒక గొప్ప గుణముంది. ఆమె నోరు ఇనప్పెట్టె. ఊరి రోగాలన్నీ ఆ కిటికీ ముందుకే వస్తాయి, ఒక్కటీ బయటికి పోదు. ఒకరోజు చిన్న నాయనమ్మ కోడలే వచ్చి కిటికీ ముందు నిలబడింది. ముఖానికి కొంగు అడ్డం.

"పెద్దత్తయ్యా, ఇంట్లో ఎవరికీ చెప్పకు."

"ఇక్కడ నేను నీకు పెద్దత్తయ్యని కాదు. వయసెంత?"

"నీకు తెలుసుగా."

"చీటీకి తెలియదు. చెప్పు."

కోడలు ఎందుకు వచ్చిందో నాయనమ్మ ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇక్కడా అది లేదు. ఆ సాయంత్రం చిన్న నాయనమ్మ గూట్లో పెట్టిన పాలు తీసుకుంటూ, గోడకు ఇటువైపు నాయనమ్మ తనలో తాను నవ్వుకుంది. తోటికోడలికి తెలియనిది తనకు తెలుసు. చక్రాల కుర్చీ ఉంటే ఏం లాభం, సొంత కోడలి సంగతి తెలియనప్పుడు.

ఇలా ఉండగా వానాకాలంలో ఊళ్ళో కడుపు జబ్బులు ఇల్లిల్లూ తిరిగాయి. ఎవరు పడిపోతున్నారో ఆసుపత్రికి తెలుసు. పైపు ఎక్కడ పగిలిందో నీళ్ళ ఆఫీసుకు తెలుసు. ఏ పిల్లలు రావడం లేదో బడులకు తెలుసు. ఎవరికి తెలిసింది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. జనం మాత్రం మంచాల మీద ఉన్నారు. అప్పుడు పైనుంచి ఒకాయనను పంపారు. ఈ ఆఫీసుల కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చేయడం ఆయన పని. ఆయన అసలు హోదా పలకడానికి నోరు తిరగక జనం 'కలిపే ఆయన' అన్నారు.

కలిపే ఆయన వచ్చిన మొదటివారమే ఒక మాట అన్నారు. అన్ని ఆఫీసుల సమాచారం చూసే ఉమ్మడి బల్ల ఒకటి పెడతారట. దానికి ఒకే కుర్చీ. ఇప్పుడున్న ఉద్యోగుల్లోంచే ఒకరిని కూర్చోబెడతారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాయనమ్మ ఆ కుర్చీకి మనసులోనే చక్రాలు బిగించుకుంది. తోటికోడలికి మాత్రం దక్కకూడదు. తనకు దక్కకపోయినా కొంత సర్దుకోవచ్చు, దానికి దక్కితే మటుకు బతకడం కష్టం.

అందరినీ కూర్చోబెట్టి సమావేశం పెట్టారు. ఆసుపత్రి పెద్ద డాక్టరు, రోగుల పేర్లు బయటికి ఇవ్వనన్నారు. నీళ్ళ ఆఫీసు అధికారి, తన కంప్యూటరులోకి ఎవరినీ రానివ్వనన్నారు. కలిపే ఆయన తల పట్టుకున్నారు. అప్పుడు ముందు వరుసలోంచి చిన్న నాయనమ్మ లేచింది.

"మా ఇంట్లో గోడకి గూడుంది సార్. రెండువైపులా తలుపులు. వాళ్ళ వంటింట్లోకి నేను పోను, నా వంటింట్లోకి వాళ్ళు రారు. ఇచ్చేది గూట్లో పెడతాం, అంతే. ఏ వీధిలో ఎంతమంది జబ్బు పడ్డారో ఆసుపత్రి గూట్లో పెడితే మాకు చాలు. ఎవరు పడ్డారో మాకెందుకు?"

గదిలో చప్పట్లు. వెనక వరుసలో నాయనమ్మకు ఆ చప్పట్లన్నీ చెంప మీద పడినట్టున్నాయి. తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. దిగే దాకా నాయనమ్మ ఓర్చుకుంది. దిగాక ఆగలేదు.

"అది నా గూడు."

"నీదే అక్కా. మా అక్క చేయించిందని చెప్పాగా."

"ఎప్పుడు చెప్పావు?"

"చప్పట్లు కొడుతున్నప్పుడు."

"వినపడేటప్పుడు గూడు నీది, వినపడనప్పుడు నాదీనా? బాగుంది."

"పోనీ, రేపు మళ్ళీ గట్టిగా చెప్తాలే."

"ఏం వద్దు. అడుక్కుని చెప్పించుకుందంటారు."

గూడు కుదిరింది కానీ మాట కుదరలేదు. ఆసుపత్రిలో వీధుల పేర్లు జనం చెప్పినట్టే ఉంటాయి. పాత మిల్లు వెనక, రెండు మెట్ల సందు, కుట్టుమిషన్ల వీధి. నీళ్ళ ఆఫీసులో పేర్లే ఉండవు, వాల్వు నంబర్లుంటాయి. ఏ పేరుకు ఏ నంబరో జత చేసే పని తోటికోడళ్ళిద్దరికీ అప్పజెప్పారు. ఇంటికొచ్చాక గూటి తలుపులు రెండూ తెరిచి, చెరోవైపు కూర్చుని చేసేవాళ్ళు.

"కుట్టుమిషన్ల వీధి," అనేది నాయనమ్మ.

"పదకొండు," అనేది చిన్న నాయనమ్మ.

"ఎంత చక్కటి పేరు. పదకొండంట, జైల్లో గది నంబరులా."

"నీళ్ళకి పేర్లు తెలియవక్కా, పైపులే తెలుసు."

"అవునులే, మీ నంబర్లే గెలవాలిగా. మా పేర్లు జనం పెట్టుకున్నవి, వాటికి విలువేముంది?"

ఆఖరికి నంబర్లే ఖాయమయ్యాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు.

తరువాత పరీక్ష రోజు వచ్చింది. ఆసుపత్రి తన ఫైలు ఉమ్మడి చోట పెట్టాలి, నీళ్ళ ఆఫీసు తనది పెట్టాలి. ఫైళ్ళు తెరిచి చూసే వంతు ఆ రోజుకు చిన్న నాయనమ్మది. పెట్టవలసింది వాల్వు నంబరు, దాని పక్కన పడిపోయినవాళ్ళ లెక్క. అంతే. నాయనమ్మ ఆ కాసిని అంకెలు చూసుకుంది. ఇంత పెద్ద ఆసుపత్రి, అన్ని మంచాలు, అంతమంది డాక్టర్లు. అక్కణ్ణుంచి పోయేది ఈ నాలుగు అంకెలా? బిచ్చం వేసినట్టు లేదూ? ఆసుపత్రి గొప్పతనం, చీటీలమ్మ కష్టం, ఆ చక్రాల కుర్చీలో కూర్చున్నావిడకు తెలియాలి కదా. పక్కన వయసు చేర్చింది. నిండుగా కనిపించింది. బాధ చేర్చింది. ఇంకా నిండింది. ఆ ఊపులో పేరు కూడా చేర్చింది. కడుపు జబ్బులే కాదు, వేరే జబ్బుల చీటీలూ వచ్చి పడ్డాయి. పెళ్ళి విందులా ఫైలు కళకళలాడింది. పంపేసింది.

ఏళ్ళ తరబడి మూసి ఉన్న ఇనప్పెట్టె, పక్కావిడ ముందు గొప్పకోసం అలా తెరుచుకుంది.

సాయంత్రం గోడ చప్పుడైంది. నాయనమ్మ గూడు తీసింది. లోపల ఏమీ లేదు. అవతలి తలుపు తెరిచే ఉంది, అక్కడ చిన్న నాయనమ్మ ముఖం.

"అక్కా, మూత లేని గిన్నె పంపావు."

"ఏం గిన్నె?"

"పొద్దున ఫైలు. పేర్లున్నాయి. వెంటనే మూసి నీకే తిప్పి పంపాను. ఇంకెవరూ తెరవలేదు. రేపు ఒట్టి అంకెలది పంపు, అదే మొదటిది అనుకుంటారు. ఎవరికీ చెప్పను."

నాయనమ్మ గూటి దగ్గరికి ఒంగింది. "చదివావా?"

"పైనే మా కోడలి పేరుంది. పక్క గడి చూడలేదు."

"నిజంగా చూడలేదూ?"

"గూట్లో పెట్టిందే తీసుకోవాలి, తొంగి చూడకూడదని నువ్వేగా అన్నావు."

తలుపు మూసుకుంది. తేలు కుట్టిన దొంగలా నాయనమ్మ అక్కడే నిలబడింది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడటం గుర్తొచ్చి బాధేసింది. ఆ బాధ వెనకే ఇంకో బాధ పాకుతూ వచ్చింది. తనైతే పక్క గడి చూసేది. చూసి, మళ్ళీ చూసేది. ఈ మనిషి చూడలేదు. నల్ల జుట్టు దానికే, చక్రాలు దానికే, చివరికి మంచితనం కూడా దానికేనా?

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కుర్చీ దక్కినా దక్కుతుంది. కానీ తోటికోడలి దయ మీద ఎక్కిన కుర్చీ అది. కూర్చున్న ప్రతిసారీ అడుగున మేకులా గుచ్చుతుంది.

మర్నాడు నాయనమ్మ సరాసరి కలిపే ఆయన గదిలోకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదే," అన్నారాయన.

"చేసుంటే వచ్చేదాన్ని కాదు బాబూ. చెయ్యనంది. అదే నాకు పడలేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఆయన పెళ్ళానికి తోటికోడళ్ళు లేరేమో. "పేర్లు పంపొద్దని మళ్ళీ ఒకసారి అందరికీ చెప్తాను," అన్నారు.

"చెప్తే ఆగుతారా? నాకు చెప్పలేదా మీరు? మా ఇంటి గూడు జానెడు. ఎవరికెంత ఊపొచ్చినా అందులో గుండిగ పట్టదు. మీ గూడు వాకిలంత పెట్టి, గిన్నె చిన్నది తెమ్మంటే ఎలా?"

ఆయన పెన్ను తీశారు. ఆ తరువాత అంకెలు తప్ప ఇంకేదీ దూరకుండా ఆ దారి బిగించారు. పేరున్న ఫైలు ఎవరు పెట్టినా గడప దాటకుండానే వెనక్కి వస్తుంది. తప్పు చేసింది కాబట్టి ఆసుపత్రిలో నాయనమ్మకు మందలింపు కాగితం వచ్చింది. కుర్చీ చిన్న నాయనమ్మకు వెళ్ళింది.

కోడలికి చెప్పడం ఒకటి మిగిలింది. మెట్ల దగ్గర పట్టుకుని చెప్పింది. "నీ పేరు నా చేతిలోంచి జారింది అమ్మాయ్. మీ అత్త చూసింది. సంగతి చూడలేదంది. తప్పు నాది."

"నీకు చెప్పానంటే గోడకి చెప్పినట్టనుకున్నా," అంది కోడలు. "పొద్దున అత్తయ్య నాకు పాలు కలిపిచ్చింది. ఏమీ అడగలేదు," అంటూ మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఏమీ అడగలేదట. నాయనమ్మ ఆ రోజు కూర మాడ్చింది.

మళ్ళీ వానలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం చీటీల కిటికీ ముందు కుట్టుమిషన్ల వీధివాళ్ళు ఒకరి వెనక ఒకరు కడుపు పట్టుకుని నిలబడ్డారు. నాయనమ్మ పదకొండు పక్కన లెక్క పెట్టి గూట్లో పడేసింది. అదే సమయానికి బడి నుంచి కూడా పదకొండు పక్కన రాని పిల్లల అంకె పడింది. కాసేపటికే బల్ల మీద ఫోను మోగింది. ఉమ్మడి బల్ల నుంచి చిన్న నాయనమ్మ.

"అక్కా, పదకొండు వాల్వు మూయించేశాను. ట్యాంకరు వెళ్ళింది."

"మంచిది."

అటునుంచి ఫోను పెట్టెయ్యలేదు.

"అక్కా... ఆ వీధిలో మా చిన్నప్పటి స్నేహితురాలు ఉంది. తెలుసుగా నీకు. ఆవిడ వచ్చిందా?"

నాయనమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆవిడ రాలేదు. ఆ ఇంట్లో ఎవరూ రాలేదు. ఒక్క మాటంటే అవతల గుండె కుదుటపడుతుంది. అది నాయనమ్మకు తెలుసు.

"గూట్లో పెట్టింది తీసుకో," అంది. "తొంగి చూడకు."

"అక్కా, నేను కాబట్టి అడుగుతున్నా."

"నువ్వు కాబట్టే చెప్పనంటున్నా. సాయంత్రం ఆఫీసు అయ్యాక వాళ్ళింటికెళ్ళి తలుపు తట్టు. ఆవిడే తీస్తే తీస్తుంది. చీటీలమ్మ నోట రాదు."

ఫోను పెట్టేసింది. పొట్టి కాలున్న కుర్చీ అటూ ఇటూ ఊగింది. ఇన్నేళ్ళకు తోటికోడలికి కూడా పక్క గడి చూడాలనిపించింది. అదీ మనిషే. నాయనమ్మ ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం చిన్న నాయనమ్మ స్నేహితురాలి ఇంటి నుంచి ఆలస్యంగా వచ్చేసరికి గూట్లో వేడివేడి కూర గిన్నె ఉంది. దాని మీద మూత ఉంది. మూత జరగకుండా పైన ఒక బరువైన గరిటె కూడా ఉంది.