మొదటి పదహారు పేజీలు లేని నవల

మా చిన్నప్పుడు... మృగశిర కార్తె వచ్చేసరికి కార్వేటినగరం కొండల మీద మబ్బు కట్టేది గానీ వాన దిగేది కాదు. ఒకటే ఉక్క. పొద్దున ఏడింటికే మా ఇంటి ముందు చెనక్కాయల మూటలు విప్పేవాళ్ళు. వానలు పడేలోపు విత్తనానికి కాయలన్నీ ఒలవాలి. కాయల మీద కాస్త నీళ్ళు చల్లి, గింజ పొర చిట్లకుండా చేత్తోనే ఒలవాలి... సాయంత్రానికి బొటనవేళ్ళు వాచిపోయేవి.

మా అవ్వ, పక్కింటి సుబ్బత్త, నేను పంచలో కూర్చునేవాళ్ళం. ఊరి బయటి కాలనీ నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు కింద, చూరు నీడలో. వాళ్ళు నీళ్ళు తాగడానికి ఒక సత్తు చెంబు ఆ చూరుకే వేలాడుతుండేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అందరి ఇళ్ళలోనూ అంతే.

ఆ నలుగురిలో మునిలక్ష్మి పది దాకా చదివింది. నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నేను పేరు పెట్టే పిలిచేదాన్ని... అక్కా అనమని నాకెవరూ చెప్పలేదు.

ఆ ఏడు మా నాయన ఎక్కడినుంచో ఒక పాత నవల తెచ్చాడు. అట్ట లేదు. మొదటి పదహారు పేజీలు లేవు. అవ్వకు చదువు రాదు గానీ కథలంటే ఇష్టం. పైగా ఆమె ఉపాయం ఆమెకుంది. "కత ఇంటా ఉంటే గింజలు నోట్లో ఏసుకోరు" అనేది. అందుకని మునిలక్ష్మిని చదవమంది. ఆమె వంతు కాయలు తక్కిన ముగ్గురూ ఒలిచేవాళ్ళు.

పుస్తకం ఇవ్వడానికి ఒక పద్ధతి ఉండేది. అవ్వ దాన్ని పంచ అంచున పెట్టేది, మునిలక్ష్మి తీసుకునేది. సాయంత్రం మునిలక్ష్మి అక్కడే పెట్టేది, అవ్వ తీసుకునేది. చేతికి మాత్రం ఇచ్చేవాళ్ళు కాదు.

కథలో నరసింహులు బావులు తవ్వేవాడు. నీళ్ళు లేని ఊరికి వచ్చి వేసవంతా బండ కొడుతుంటాడు. అవ్వకు వాడు తెగ నచ్చాడు.

"అచ్చం మా పెద్దోడి మాదిరే ఉండాడే వీడు. బండకు తలైనా కొట్టుకుంటాడు గానీ గడ్డపార దించడు."

"మనోడు కాకపోతే అంత రోసం యాడొస్తాది అత్తా" అనేది సుబ్బత్త.

ఏడో రోజు మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటున్నారు. మునిలక్ష్మి మాత్రం ఎప్పటిలాగే గబగబా తినేసి, ఇంకా చదవాల్సిన పేజీలు ముందుగానే చూసుకుంటోంది. నేను చేయి కడుక్కోవడానికి బయటికి వస్తే మెల్లగా పిలిచింది.

"పాపా... ఈ నరసింహులు మావోడు."

నాకు అర్థం కాలేదు. పేజీ చూపించింది. బావిలో నీళ్ళు పడిన రోజు ఊరిపెద్ద నరసింహుల్ని దూరంగా నిలబడమంటాడు. చేదను ముట్టొద్దంటాడు. ఎందుకో కూడా చెప్తాడు, కులం పేరు పెట్టి.

"ఇది సదివితే మీ అవ్వ రేపట్నుంచి నన్ను రానీదేమో. మా ఇంట్లో సదువుకునేదానికి ఒక్క పుస్తకం గూడా లేదు."

"ఆ రెండు పేజీలు దాటేసి సదువు" అన్నాను. నాకు తోచింది అంతే.

ఆమె పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసింది.

మూడింటికి ఉన్నట్టుండి వాన దిగింది. అవ్వ లేచి నిలబడింది.

"పుస్తకం తడస్తాది, కాయలు తడస్తాయి. పైకి రాండి అందురూ."

పిలిచింది పుస్తకాన్నీ కాయల్నీ. మనుషులు వాటితో పాటు వచ్చారు. మునిలక్ష్మి గోడ పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది. నేను ఆమె వేళ్ళనే చూస్తున్నాను... రెండు కాగితాలు కలిపి తిప్పుతుందేమోనని. ఒక్కటే తిప్పింది. గొంతు తగ్గించకుండా మొత్తం చదివింది. చదివి ఆగింది.

కాయలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. 

"ఇన్ని దినాలు మనోడనుకుంటిమి గదత్తా" అంది సుబ్బత్త.

అవ్వ ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది.

"అనుకుంటిమి. ఇప్పుడేమి సేద్దామంటావు, ఇన్నదంతా ఎనక్కిచ్చేద్దామా?"

సుబ్బత్త ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది.

"బాయి తవ్వింది వాడు గదా. వాడు నీళ్ళు తాగినాడా ల్యాదా, అది సెప్పు మే. సదువు."

మునిలక్ష్మి పేజీ తిప్పింది. 

మరుసటి రోజు ఆకాశంలో చిన్న మబ్బు కూడా లేదు. మునిలక్ష్మి చూరు కింద నిలబడి పుస్తకం కోసం చూస్తోంది. అవ్వ కంటికి చేయి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "మబ్బు పట్టేట్టుండాది, పైకి రా" అంది. సుబ్బత్త కూడా ఆకాశం వైపు చూసింది. మళ్ళీ కాయలు ఒలవసాగింది.

ఆ రోజుతో అంతా మారిపోయిందని చెప్పను. సత్తు చెంబు ఇంకా చాలా ఏళ్ళు చూరుకే వేలాడింది.

మొన్న మా అమ్మాయి కాలేజీ నుంచి ఒక నవల తెచ్చింది. అందులోని వివక్ష, వెలి గురించి వ్యాసం రాయాలట. నాలుగు పేజీలు తిప్పగానే నరసింహులు కనబడ్డాడు. అది అంత పేరున్న నవల అని నాకు అప్పుడే తెలిసింది. మొదటి పదహారు పేజీలు ఇన్నేళ్ళకు చదివాను. వాడి కులమేమిటో మూడో పేజీలోనే ఉంది... ఆ పేజీలు ఉండుంటే మా పంచలో నవల అక్కడితో ఆగిపోయేది. చింపినవాళ్ళెవరో గానీ మేలు చేశారు.

"ఈ సంగతి వ్యాసంలో రాసుకునేదా అమ్మా?" అని అడిగింది మా అమ్మాయి.

"రాసుకో. మునిలక్ష్మక్క అని రాయి" అన్నాను.

ఇప్పుడు కాయలు ఒలిచే మిషన్లు వచ్చాయి. పంచలో ఎవరూ కూర్చోరు, చూరు కిందా ఎవరూ కూర్చోరు. పోవాల్సింది పోయింది, మంచిదే... దాంతో పాటు ఆ చదివే గొంతు కూడా పోయింది. మీ ఇళ్ళలో కథలు చదివి వినిపించింది ఎవరు? వాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళు? గుర్తుంటే రాయండి.

నవల పదకొండో రోజున అయిపోయింది. కాయలూ ఆ రోజే అయిపోయాయి. ఆఖరి పేజీలో నరసింహులు నీళ్ళు తాగుతాడు. అవ్వ ఆ పేజీ రెండుసార్లు చదివించుకుంది. తక్కిన ముగ్గురూ నాలుగింటికే వెళ్ళారు. మునిలక్ష్మక్క కథ పూర్తిచేసి ఐదున్నరకు వెళ్ళింది. పుస్తకం అవ్వ చేతికిచ్చి వెళ్ళింది.