పోరంబోకు కాదు, రేవు

మొన్న సెల్‌ఫోన్ రిపేరు షాపులో టంకం పెడుతుంటే గుగ్గిలం వాసన వచ్చింది. నాగాయలంకలో చేపలు పట్టే ఇంట పుట్టినదాన్ని, ఆ వాసనకు పడవే గుర్తుకు రావాలి. చెక్కల సందులకు మా నాన్న గుగ్గిలమే పట్టించేవాడు. నాకు మాత్రం సలోమీ మేడం గుర్తుకొస్తారు.

మేడం బందరు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరై, మా ఊళ్లో తన ఇంటి వరండాలో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నన్ను పనిలోకి తీసుకున్నారు. కృష్ణ పాయ అవతలి లంకకు ఫోను తీగ లేదు. అక్కడి నర్సమ్మ బందరు డాక్టరును ఏదైనా అడగాలంటే పడవెక్కి రావాల్సిందే. మేడం ఒక తీగ జల్లెడకు వేలెడంత వైఫై పరికరం బిగించి, దాని వైరుకు తనే టంకం పెట్టి, డాబా మీద లంకవైపు తిప్పి నిలబెట్టారు. అవతలా అలాంటిదే. తెర మీద నర్సమ్మ ముఖం కనబడింది. ఇక మా సెంటరు నెట్ మీదుగా ఆమె బందరు డాక్టరుతో మాట్లాడేది. గాలిలో ఏం పోతోందో చూద్దామని జల్లెడ ముందు చెయ్యి అడ్డం పెట్టేదాన్ని.

"దీనికి లైసెన్సు వద్దాండీ?" అన్నాను.

"ఈ కాస్త గాలిని సర్కారు అందరికీ వదిలిందమ్మా. పవరు మాత్రం హద్దు దాటకూడదు."

"అయితే పోరంబోకన్నమాట."

మేడం నవ్వారే గాని ఒప్పుకోలేదు.

కొన్నాళ్లకు రొయ్యల మేత అమ్మే శేషుబాబు తన చెరువులకు ఇలాంటి లైనే వేసుకున్నాడు. రెండూ ఒకే చానల్లో పడి, మాది తెగిపోవడం మొదలైంది. మేడం ఊళ్లో లేనప్పుడు నేను పవరు పెంచే పెద్ద బూస్టరు తెచ్చి తగిలించాను. ఆయన అంతకంటే పెద్దది తెచ్చాడు. చివరికి ఇద్దరి లైన్లూ చచ్చాయి. సరిగ్గా అప్పుడే లంకలో ఒక గర్భిణికి ఒళ్లంతా వాపులొచ్చాయి. డాక్టరును అడిగే దారిలేక నర్సమ్మ ఆమెను పడవలో తీసుకొచ్చింది. తల్లీబిడ్డా దక్కారు. కానీ రేవులో వణుకుతూ దిగిన ఆ మనిషిని చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

ఊరి నుంచి తిరిగొచ్చిన మేడం తిట్టలేదు. బూస్టరు విప్పి నా చేతికిచ్చారు. "పోరంబోకైతే బలమున్నవాడు చెరువు తవ్వేసుకుంటాడు. ఇది రేవమ్మా. మీ నాన్న పడవ ఎట్టా కడతాడు?"

"పక్క పడవకు చోటు వదిలి."

"ఆ మాటే శేషుబాబుకి చెప్పిరా."

ఆయన కూర్చోమని కూడా అనలేదు. "గాలి మీ తాత రాసిచ్చాడా?" అన్నాడు.

"మీ తాతా రాసివ్వలేదు బాబాయ్. మీరు ఒకటో చానల్లో ఉండండి, మేం పదకొండుకు జరుగుతాం." బూస్టరు ఆయన బల్లమీద పెట్టాను. సాయంత్రానికి ఆయనా తనది విప్పాడు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఫోను తెరిస్తే పాతిక వైఫై పేర్లు కనిపిస్తాయి. రౌటరు మార్చినప్పుడల్లా నేను చానళ్లు చూస్తూ కూర్చుంటే, "మనకు బాగానే వస్తోందిగా" అంటారు మా ఆయన. నేను లేచి పక్కింటి తలుపు తడతాను. "మీకెట్టా వస్తోందండీ?"