పొట్టి పిడుల బుట్ట

మా ఆయన పోయిన రెండో ఏడు అది. ప్లాస్టిక్ వైరుతో బుట్టలల్లి అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చేదాన్ని. అందరూ బాగుందనేవారు. అమ్ముదామనుకుంటే మా మరిది, "బుట్టలమ్ముకుని బతకాలేటి వొదినా? పరువెల్లిపోద్ది," అనేవాడు. నా అల్లికకు డబ్బులెవరిస్తారులే అని నాకూ అనిపించేది.

ఒకరోజు నర్సీపట్నం బస్టాండులో, కొయ్యూరు బస్సు కోసం కూర్చున్న పెద్దావిడ నా బుట్ట చూసింది.

"ఎంతకిత్తావమ్మా?"

"డబ్బులెందుకండీ? పట్టుకెల్లిపోండి."

ఆవిడ బుట్టలోని నా సామాను తీసి బల్ల మీద పెట్టేసి, తన పనసకాయను బుట్టలో పెట్టి ఎత్తింది. భుజానికి తగిలించుకోబోతే పిడులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి.

"పిడులు పొట్టిగున్నాయి. సెయ్యి కోసేత్తన్నాయి. ఇన్నాల్లూ ఎవులూ సెప్పనేదేటి?"

"నేదండీ."

"ఊరికే అట్టుకెల్లినోలు వంకలెలాగ పెడతారే? డబ్బులిచ్చినోలైతే నీ గుమ్మంలోకొచ్చి తగువాడుదురు!"

నాకు రోషమొచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంతలో బస్సొచ్చింది. ఆవిడ బుట్ట నా ఒళ్లో పడేసి, పనసకాయ చంకనెత్తుకుని ఎక్కేసింది.

ఆ వారమే పిడులు జానెడు పొడుగు పెంచి కొత్త బుట్ట అల్లాను. ఈసారి అడిగినవాళ్లకు ధర చెప్పాను. మొదట కొన్నది ఎవరో కాదు, మా మరిది పెళ్లామే. నాలుగో రోజున గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"అక్కా, డబ్బులు తీసుకున్నావు కదేటి? అడుగు వదులైపోయింది, మల్లీ అల్లియ్యి."

అంతకుముందు మూడు బుట్టలు ఊరికే పట్టుకెళ్లి, మూడూ బాగున్నాయన్న మనిషి. నేను పీట వేసి కూర్చోబెట్టి, ఆమె ఎదుటే అడుగంతా విప్పి, గట్టిగా అల్లి ఇచ్చాను.